ఆ పిల్లవాడి తల్లి ఎవరు?

[దృశ్యం: చెన్నై, పెరుంబాక్కం. ఎనిమిది అంతస్తుల భవనం. ఖాళీ మెట్లు.]

పొద్దున పదకొండు గంటల వేళ. బడి చొక్కా వేసుకున్న పన్నెండేళ్ల పిల్లవాడు మెట్ల మలుపులో కూర్చున్నాడు. గుప్పిట్లో తడి గుడ్డ ముక్క. మాటిమాటికీ దాన్ని ముక్కుకు ఆనించి పీలుస్తున్నాడు. వైట్‌నర్ వాసన. రాతలో తప్పులు కప్పే తెల్లని ద్రవం అది, మత్తు కోసం పీలుస్తారు. కూరగాయల సంచితో పైకెక్కుతున్న మా చిన్నమ్మ వాణ్ణి చూసి ఒక్క క్షణం ఆగింది. తరువాత కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

ఈ సంగతి నాకు చెప్పింది చిన్నమ్మే. చెబుతూ ఏడ్చింది. "కూవం నది గట్టు మీద ఉన్నప్పుడైతే చెవి పట్టుకుని వాళ్లమ్మ దగ్గరికి లాక్కుపోయేదాన్ని. ఇక్కడ వాళ్లమ్మ ఎవరో నాకు తెలియదురా" అంది. పిల్లవాణ్ణి గుర్తుపట్టే వివరాలు నేను చెప్పను. కానీ చిన్నమ్మ అన్న ఆ మాట గురించే ఈ వీడియో.

[దృశ్యం: వీధి కుళాయి, బిందెల వరుస.]

కూవం ఒడ్డున చిన్నమ్మ వాళ్లు ముందు ఉన్న వీధిలో తెలుగు ఇళ్లు, తమిళ ఇళ్లు కలిసే ఉండేవి. అదేమీ స్వర్గం కాదు. గట్టిగా వాన పడితే ఇంట్లోకి నీళ్లు. కుళాయి దగ్గర రోజూ గొడవ. అయితే ఎవరి కొడుకు బడి ఎగ్గొట్టాడో, ఎవరింట్లో జీతం రాలేదో ఆ గొడవల్లోనే అందరికీ తెలిసిపోయేది. 2015 వరదల తరువాత ఆ ఇళ్లు తీసేసి, 20 కిలోమీటర్లకు పైగా దూరంలో, ఈ పెరుంబాక్కంలో పక్కా ఇళ్లు ఇచ్చారు. చీటీ తీస్తే ఎవరికి ఏ బ్లాకు వస్తే అదే. ముప్పై ఏళ్లు పక్కపక్కన బతికినవాళ్లు తలో దిక్కుకూ చెదిరిపోయారు.

[దృశ్యం: షికాగో పటం.]

రాబర్ట్ శాంప్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి షికాగోలో 343 పేటల్లో 8,782 మందిని ప్రశ్నించారు. "మీ వీధిలో పిల్లలు బడి ఎగ్గొట్టి తిరుగుతుంటే ఇరుగుపొరుగు కలగజేసుకుంటారా? వాళ్లను నమ్మవచ్చా?" ఇలాంటి ప్రశ్నలు. 1997లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు వచ్చాయి. పేదరికాన్ని లెక్కలోకి తీసుకున్నా కూడా, ఒకరినొకరు నమ్మి కలగజేసుకునే పేటల్లో హింస తక్కువగా ఉంది. జనం తరచూ ఇళ్లు మారే చోట ఆ నమ్మకం పలచబడింది.

అది హింస మీద జరిగిన పరిశోధన, మత్తు మీద కాదు. అయినా మా చిన్నమ్మ మెట్ల మీద ఆగిన ఆ క్షణాన్ని దానికంటే బాగా వివరించేది నాకు దొరకలేదు. ఆమె మనసు రాయి కాలేదు. పిల్లవాణ్ణి మందలిస్తే తల్లి తన మీదికే వస్తుందేమో, ఎవరూ తన పక్కన నిలబడరేమో అన్న భయం. మత్తు అమ్మేవాడికి కావలసింది కూడా అడిగేవాళ్లు లేని మెట్ల మలుపే.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం ఇలా పీల్చే మత్తు పెద్దవాళ్లలో 0.58 శాతం మందిలో ఉంటే, 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం మందిలో ఉంది. అంటే రెట్టింపు. పిల్లవాడికి ఇది పుస్తకాల దుకాణంలోనే దొరుకుతుంది. పోలీసు ఎక్కడని కాపలా కాస్తాడు?

[దృశ్యం: మూసి ఉన్న తలుపు.]

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. దగ్గరితనం ఎప్పుడూ మేలే చేస్తుందని అనుకోకండి. మొదటి గంజాయి చుట్ట ఎక్కువగా అందేది స్నేహితుడి చేతి నుంచే. అందరూ తెలిసినవాళ్లే అయినప్పుడు పరువు భయం కూడా ఎక్కువ. "ఇంటిగుట్టు లంకకు చేటు" అని కొడుకును గదిలో పెట్టి తాళం వేసిన ఇళ్లు మనవాళ్లలో ఎన్ని లేవు? ఈ ఒక్క విషయంలో ఆ సామెతను పక్కన పెట్టమని చేతులు జోడించి అడుగుతున్నాను.

గుట్టు విప్పితే ఏమవుతుందో తమిళనాడులోనే చూడవచ్చు. భర్తను తాగుడుకు పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో చికిత్సా సంస్థ ప్రారంభించారు. ఆ సంస్థ 1989 నుంచి మంజక్కుడి అనే పల్లెలో శిబిరాలు నడిపింది. తాగుడు మాన్పించే చికిత్స ఊరి మధ్యలో, ఊరివాళ్ల సాయంతోనే జరిగింది. పక్కింటివాళ్లకు తెలిసే జరిగింది.

కేసు పెడతారేమో అని భయపడేవాళ్లకు ఒక మాట. మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వాడకం కేసులోగానీ, కొద్ది పరిమాణం దొరికిన కేసులోగానీ ఇరుక్కున్న వ్యసనపరుడు తానుగా ముందుకు వచ్చి గుర్తింపు పొందిన చోట చికిత్స పూర్తిగా తీసుకుంటే, ఆ కేసులో విచారణ నుంచి అతనికి రక్షణ ఉంటుంది. ఉచిత సహాయవాణి నంబరు 14446.

[దృశ్యం: అవే మెట్లు, సాయంత్రం.]

చిన్నమ్మ ఆ తరువాత రెండు వారాలు అంతస్తు అంతస్తూ అడిగింది. తల్లి రెండో అంతస్తులోనే ఉంది. ఇళ్లల్లో పనికి తెల్లవారుజామున వెళ్తే చీకటి పడ్డాకే వస్తుంది. మొదటిసారి చిన్నమ్మ ముఖం మీదే తలుపు వేసేసింది. రెండోసారి గడపలోనే నిలబెట్టి మాట్లాడింది. మూడోసారి లోపలికి పిలిచి, చాప వేసింది.

పిల్లవాడు పూర్తిగా మానేశాడని నేను చెప్పలేను. వైద్యం నడుస్తోంది. బడి వదిలాక తల్లి వచ్చేదాకా వాడు చిన్నమ్మ ఇంట్లోనే అన్నం తిని, లెక్కలు చేసుకుంటున్నాడు.