వైడ్‌బ్యాండ్ క్లౌన్‌ఫిష్‌కు వరంగల్ ఎండలు: ఫోన్-ఇన్

యాంకర్: హనుమకొండ నుంచి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. 200 లీటర్ల ఉప్పునీళ్ల ట్యాంకుల వైడ్‌బ్యాండ్ క్లౌన్‌ఫిష్ అనే సముద్రపు చేపల జంట ఉన్నది. మీదికొచ్చి నోరు తెరుస్తున్నయి, తిండి ముడ్తలేవు.

నిపుణుడు: ఒంటిమీద తెల్లటి జిగురుపొర ఉందా?

కాలర్: లేదు సార్.

నిపుణుడు: మంచిది. ఉంటే బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి రోగమని అనుమానించాలి. వేరే ట్యాంకులో ఫార్మలిన్ వైద్యం వెంటనే చేయాల్సి వచ్చేది. థర్మామీటర్ ఎంత చూపిస్తోంది?

కాలర్: పొద్దుగాల 29, మధ్యాహ్నం 31.

నిపుణుడు: అదేనమ్మా సమస్య. ఇది ఆస్ట్రేలియా తూర్పు తీరం, లార్డ్ హౌ దీవి వైపు చల్లటి నీళ్ల చేప. 22 నుంచి 24 ఉండాలి. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకేమో ఇంకా ఎక్కువ కావాలి. ఇప్పుడే పవర్‌హెడ్, అంటే ట్యాంకులో నీళ్లను తోసే చిన్న పంపు, దాని మూతి పైకి తిప్పండి, నీటి పైభాగం బాగా కదలాలి. గాజు మూత తీసి జాలీ వేయండి. అమ్మోనియా కూడా చూడండి. ఉప్పదనం, అంటే నీటి సాంద్రత రీడింగు, ఎంత?

కాలర్: 1.029. నీళ్లు తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్లే పోస్తున్న.

నిపుణుడు: అది ఆపేయండి! ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే మిగులుతుంది. తగ్గినంత ఆర్వో నీళ్లే పోయాలి, బోరు నీళ్లు వద్దు. రోజుకు 7 లీటర్ల ఉప్పునీళ్లు తీసి అంతే ఆర్వో పోస్తే 0.001 చొప్పున దిగుతుంది. నాలుగు రోజుల్లో 1.025కు వస్తుంది. ఒక్కసారే దించకండి.

కాలర్: ఫ్యాను పెడ్తే సాల్తదా సార్?

నిపుణుడు: ఏప్రిల్, మేలో మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీటిమీదికి ఫ్యాను పెడితే 2, 3 డిగ్రీలు దిగుతుంది. జూన్ ఉక్కపోతలో అదీ పనిచేయదు. చిల్లర్, అంటే నీళ్లు చల్లబరిచే యంత్రం, తప్పదు. 1/10 హార్స్‌పవర్ మన ఎండలకు చాలదు, 1/4 తీసుకోండి. రోజుకో డిగ్రీ చొప్పున 24కు తేవాలి. చిల్లర్‌ను ట్యాంకు కింది స్టాండు అల్మారాలో పెట్టి తలుపులు మూస్తే మాత్రం దండగ. దాని వేడిగాలి దానికే తగిలి, మోటారు ఆగకుండా నడుస్తుంది, నీళ్లు చల్లబడవు.

కాలర్: కరెంటు పోతే?

నిపుణుడు: బ్యాటరీ ఎయిర్‌పంపు దగ్గరుంచుకోండి. గడ్డకట్టించిన నీళ్ల బాటిల్ మూత బిగించి తేలనివ్వండి. ఐసు నేరుగా వేస్తే ఉప్పదనం పడిపోతుంది.

కాలర్: క్లౌన్‌ఫిష్ దాగే సముద్రజీవి అనిమోన్ కూడా కొందామనుకున్నం సార్.

నిపుణుడు: ఇప్పుడు వద్దమ్మా. ఈ వేడికి అది చచ్చి కుళ్లితే, ఉన్న చేపలూ పోతాయి. అది లేకున్నా ఇవి బతుకుతాయి.