డెస్క్‌టాప్ పని ట్యాబ్ చేయగలదా? – స్టూడియో చర్చ

సంధానకర్త: నమస్కారం. ఆపిల్ సంస్థ ట్యాబు ఐప్యాడ్ విడుదలైన 2010లోనే ఆ సంస్థ అధినేత స్టీవ్ జాబ్స్ వ్యక్తిగత కంప్యూటర్లను లారీలతో పోల్చారు. అమెరికా వ్యవసాయ దేశంగా ఉన్నన్నాళ్లూ అందరికీ లారీలే కావలసి వచ్చాయనీ, పట్టణాలు పెరిగాక కార్లు వచ్చాయనీ, కంప్యూటరు కూడా అలాగే కొద్దిమందికే అవసరమవుతుందనీ ఆయన అంచనా. మన బడుల్లో, పుస్తకాలూ శుభలేఖలూ కంప్యూటరులో కూర్చే డీటీపీ సెంటర్లలో ఆ అంచనా ఎంతవరకు నిజమైందో చూద్దాం. ముందుగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతున్న టీచర్ గారు.

ఉపాధ్యాయురాలు: నమస్కారమండీ. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ ఉపాధ్యాయులకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచింది. పాఠాలు ముందే ఎక్కించి ఇవ్వడం వల్ల, ఇంట్లో ఇంటర్నెట్ లేని పిల్లలు సైతం వీడియోను ఆపి, వెనక్కి తిప్పి, అర్థమయ్యేదాకా చూసుకోగలిగారు. కరెంటు పోయినా పాఠం ఆగలేదు. పేదింట్లో డెస్క్‌టాప్ ఈ మేలు చేయజాలదని నేను గట్టిగా చెబుతాను. అయితే అదే పిల్లలు జేఈఈ మెయిన్‌కు వెళ్లినప్పుడు ఎదురుగా ఉండేది డెస్క్‌టాప్. అంకెల్లో ఇవ్వవలసిన జవాబును కూడా తెర మీది మీటలను మౌస్‌తో నొక్కే ఇవ్వాలి. నమూనా పరీక్ష రాయించినప్పుడు మా పూర్వ విద్యార్థిని ఒకమ్మాయి మౌస్‌ను పక్కన పెట్టి, మానిటర్ మీద వేలితో తోస్తూ ప్రశ్న కదలడం లేదని కంగారు పడింది. లెక్క క్షుణ్ణంగా వచ్చిన పిల్ల, బాణం గుర్తును గడిలోకి తీసుకురాలేకపోయింది. ఆ రోజు నాకు చాలా బాధ కలిగింది.

సంధానకర్త: డీటీపీ సెంటర్ నడుపుతున్న మీరేమంటారు?

డీటీపీ నిర్వాహకుడు: మా బతుకంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాములో, అను అనే పాత తెలుగు ఫాంట్లలో ఉందండీ. అడోబీ సంస్థ 2004లోనే పేజ్‌మేకర్ అభివృద్ధిని ఆపేసినా, ఏళ్ల తరబడి చేసిన పుస్తకాల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి మేము వదలలేకపోతున్నాము. అన్ని యంత్రాలకూ ఉమ్మడి అక్షర ప్రమాణమైన యూనికోడ్‌లో 'క' ఎక్కడ తెరిచినా 'క'గానే ఉంటుంది. మా ఫాంట్లలో తలకట్టు, గుడి, ఒత్తు వంటి ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చారు. ఆ ఫాంటు లేని ట్యాబులో ఫైలు తెరిస్తే శుభలేఖలో పెళ్లికూతురి పేరు ఉండవలసిన చోట అర్థంలేని గుర్తులు కనబడతాయి. పైగా రాతప్రతిని ఎడమ పక్కన పెట్టుకుని, తెర వంక చూడకుండా రెండు చేతులతో రోజుకు పాతిక పేజీలు కొట్టే పనిని గాజు పలక మీద చేయమంటే ఎలా?

హార్డ్‌వేర్ నిపుణురాలు: మాస్టారూ, మీరు చెప్పిన మొదటి చిక్కు ఫాంటుది. డెస్క్‌టాప్ గొప్పతనాన్ని అది రుజువు చేయదు. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగు ఉంది. ఇక శక్తి విషయానికొస్తే, ఆపిల్ 2020లో మ్యాక్ కంప్యూటర్లలో పెట్టిన ఎమ్1 చిప్‌నే మరుసటి ఏడాది ఐప్యాడ్ ప్రోలోనూ పెట్టింది. గుండెకాయ ఒకటే అయినా మ్యాక్‌లో నడిచే ప్రోగ్రాములు ఐప్యాడ్‌లో నడవవు. అంటే అడ్డు చిప్‌లో లేదు, సాఫ్ట్‌వేర్‌కు గీసిన గీతలో ఉంది. అన్ని ట్యాబులూ ఆ స్థాయివి కావన్నది వేరే సంగతి. 2011లో కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం తెచ్చిన ఆకాశ్ ట్యాబులో ఉన్నది 256 ఎంబీ ర్యామ్ (పని చేసేటప్పుడు వాడే మెమరీ) మాత్రమే, గట్టిగా నొక్కితేగాని స్పందించని తెర. చవక కావాలన్న ఆశయం మంచిదే కానీ, దాంతో పని సాగలేదు.

సంధానకర్త: మరమ్మతు సంగతి?

హార్డ్‌వేర్ నిపుణురాలు: అక్కడ డెస్క్‌టాప్‌దే పైచేయి. కంప్యూటరు ఆన్ కాక బీప్ బీప్ అంటుంటే, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో కుర్రవాడు ర్యామ్‌ను ఊడదీసి, దాని బంగారు రంగు పళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్ది తిరిగి బిగిస్తాడు. చాలాసార్లు అంతటితోనే యంత్రం లేస్తుంది. ట్యాబులో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, బ్యాటరీని జిగురుతో అంటిస్తారు. తెర పగిలితే కొత్తది కొనడమే నయమనిపించేంత ఖర్చవుతుంది.

డీటీపీ నిర్వాహకుడు: ఫాంటు మాట నిజమేనమ్మా, ఒప్పుకుంటాను. ఇప్పుడు రచయితలు ఫోనులో యూనికోడ్‌లో రాసి పంపిస్తుంటే, మేము దాన్ని అనులోకి మార్చి, మార్పిడిలో చెదిరిన ఒత్తులను ఒక్కొక్కటిగా దిద్దుకుంటున్నాము. అయినా కీబోర్డు విషయంలో మాత్రం నేను తగ్గను.

ఉపాధ్యాయురాలు: నేనూ అదే అడుగుతున్నాను. చదువుకోవడానికి ఇంట్లో ట్యాబు ఉండనివ్వండి, బడి ల్యాబులో మాత్రం కీబోర్డు, మౌస్ ఉండాలి. అందుకు పెద్ద పెట్టే కావాలా?

హార్డ్‌వేర్ నిపుణురాలు: అక్కరలేదండీ. 2020లో వచ్చిన రాస్‌బెర్రీ పై 400లో కంప్యూటరంతా కీబోర్డులోనే ఇమిడి ఉంటుంది. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద తెలుగును, భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు లేఅవుట్ అయిన ఇన్‌స్క్రిప్ట్‌లో కొట్టవచ్చు, రాత, లెక్కల పట్టికలు, ప్రోగ్రామింగ్ అన్నీ నేర్పవచ్చు. మీ ల్యాబులో మూలపడిన పాత మానిటర్లను పారేయకండి. వాటికి పాత తరహా వీజీఏ సాకెట్టే ఉంటే, కంప్యూటరు నుంచి హెచ్‌డీఎంఐలో వచ్చే బొమ్మను వీజీఏకి మార్చే కన్వర్టర్ ఒకటి మధ్యలో పెట్టుకోవాలి, అంతే.

డీటీపీ నిర్వాహకుడు: ఇన్‌స్క్రిప్ట్ మొదటి రోజు నుంచే నేర్పండి టీచర్ గారూ. చేతికి ఒకసారి వేరే లేఅవుట్ అలవాటైతే మార్చుకోవడం ఎంత కష్టమో నా వేళ్లకు తెలుసు.