ఊరిని కాదు, వేళను ఎంచుకోండి: బ్రిటన్‌లో చదువుకుంటూ సముద్రతీరానికి ఒక్కరోజు

నమస్కారం. బ్రిటన్‌లో చదువుకుంటున్న విద్యార్థులు వారాంతంలో సముద్రం చూసి రావాలనుకున్నప్పుడు సాధారణంగా ఫోటోలు చూసి ఊరిని ఎంచుకుంటారు. తీరా అక్కడికి చేరాక, ఫోటోలో మెరిసిన నీళ్లు ఉండవలసిన చోట కనుచూపు మేర బురద కనిపిస్తే, ఆ ఊరిని తిట్టుకుంటూ తిరుగు రైలెక్కుతారు. అందులో ఊరి తప్పేమీ లేదు. ఈ దేశపు తీరంలో ఏ ఊరికి వెళ్లాలన్నదానికన్నా ఏ రోజు, ఏ గంటకు వెళ్లాలన్నదే ముఖ్యమని నా అభిప్రాయం. ఆటుపోట్ల పట్టికనూ తిరుగు రైలు వేళనూ ముందే చూసుకుని బయలుదేరినవారికి అంతగా పేరులేని ఊరు కూడా హాయిగా గడిచే రోజునిస్తుంది.

నిజానికి ఒక్కరోజు తీరిక, కొద్దిపాటి డబ్బు ఉన్న మనిషిని దృష్టిలో పెట్టుకునే ఈ ఊళ్లు ఇప్పుడున్న రూపానికి వచ్చాయి. 18వ శతాబ్దం మధ్యలో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు సముద్రస్నానమే కాక, సముద్రపు నీటిని తాగడం కూడా ఆరోగ్యానికి మంచిదని రాయడంతో ధనవంతులు బ్రైటన్ దారి పట్టారు. తాగమన్న సలహాను మీరు పాటించనవసరం లేదు. 1841లో లండన్ నుంచి బ్రైటన్‌కు రైలు వచ్చాక ధనవంతుల వెనుకే సామాన్యులూ వచ్చారు. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లులలో స్త్రీలకు, పిన్నవయసు కార్మికులకు శనివారం మధ్యాహ్నం 2 గంటలకే పని ఆపాలని నిర్దేశించింది. 1871లో మరో చట్టం బ్యాంకు సెలవులు అని పిలిచే సార్వజనిక సెలవులను ఏర్పరచింది. లాంకషైర్ మిల్లు కార్మికులు రైళ్ల నిండా బ్లాక్‌పూల్‌కు తరలివచ్చేవారు. అక్కడి 158 మీటర్ల టవర్ 1894లో తెరుచుకున్నదీ ఆ జనాన్ని నమ్ముకునే. చాలా ఊళ్లలో స్టేషన్ నుంచి తీరానికి నడిచి వెళ్లిపోవచ్చు. తీరం పొడవునా ప్రామెనేడ్ అనే చదునైన నడకబాట, వాన వస్తే తలదాచుకునే షెల్టర్లు, పైసా ఖర్చు లేకుండా గంటలకొద్దీ కూర్చోగల బెంచీలు ఉంటాయి. అద్దె కట్టగా మిగిలిన డబ్బుతో వచ్చే విద్యార్థికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఏముంటుంది?

ఇక ఆటుపోట్ల సంగతి. లండన్ నుంచి రైలులో సుమారు గంట దూరంలో థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట సౌత్‌ఎండ్ ఉంది. ఆటు సమయంలో ఇక్కడ నీరు తీరాన్ని వదిలి దాదాపు ఒక మైలు దూరం వెనక్కి పోతుంది. ఒకప్పుడు లండన్ నుంచి ఆవిరి పడవలలో వచ్చిన ప్రయాణికులు దిగాలంటే లోతైన నీటి దాకా వంతెనలాంటి పియర్ కట్టక తప్పలేదు. అందుకే సముద్రంలోకి సాగే ఇక్కడి పియర్ 2.16 కిలోమీటర్ల పొడవుతో, విహారం కోసం కట్టిన పియర్లలో ప్రపంచంలోనే అతి పొడవైనదైంది. దాని చివరి దాకా నడవలేనివారి కోసం పియర్ మీదే చిన్న రైలు నడుస్తుంది. వేళ తెలియక వెళ్లినవారికి సౌత్‌ఎండ్ బురద మైదానం. వేళ తెలిసి వెళ్లినవారు పియర్ చివర నిలబడితే, కాళ్ల కింది బురద మీదికి నీరు వేళ్లలా పాకి, చిన్న చిన్న కాలువలను నింపుకుంటూ, ఒరిగిపోయి ఉన్న పడవలను ఒక్కొక్కటిగా నిలబెట్టడం చూడవచ్చు.

ఇందులో ఒక చిన్న లెక్క ఉంది. పోటు ప్రతిరోజూ ముందురోజుకన్నా సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఏడు రోజులకు ఆ ఆలస్యం దాదాపు 6 గంటలవుతుంది. పోటుకూ ఆటుకూ మధ్య ఎడం కూడా దాదాపు 6 గంటలే. కాబట్టి ఈ శనివారం మధ్యాహ్నం మీ స్నేహితుడు నిండు సముద్రం ముందు ఫోటో దిగి పంపితే, వచ్చే శనివారం అదే వేళకు వెళ్లిన మీకు అక్కడ బురదే ఎదురవుతుంది. రెండు వారాలు ఆగితే మళ్లీ నిండు సముద్రం దొరుకుతుంది. బ్రిస్టల్ ఛానెల్ ఒడ్డునున్న వెస్టన్-సూపర్-మేర్‌లో ఈ తేడా మరీ ఎక్కువ, ఎందుకంటే ఆటుకూ పోటుకూ మధ్య నీటిమట్టం అత్యధికంగా మారే ప్రపంచ ప్రాంతాలలో ఆ ఛానెల్ ఒకటి. అక్కడి బురదలో నీళ్ల కోసం నడుచుకుంటూ వెళ్లవద్దు. ఇంగ్లండ్ వాయవ్య తీరంలోని మోర్‌కాంబ్ అఖాతంలోనైతే ఊబి ఇసుక ఉంది, నీరు వెనుక నుంచి కూడా చుట్టుముడుతుంది. ఆ ఇసుకను దాటించడానికి రాజు పేరిట నియమితుడైన మార్గదర్శి ఉన్నాడంటే పరిస్థితి ఊహించుకోండి.

బ్రైటన్ విషయంలో నా మాట కొంతమందికి నచ్చకపోవచ్చు. ఆగస్టు శనివారం ఎండలో ఆ తీరానికి వెళ్లడం శుద్ధ దండగ. అక్కడ ఉన్నది ఇసుక కాదు, గులకరాళ్లు. ఆ రోజున రాళ్లు కూడా కనిపించనంత జనం ఉంటారు. అదే ఊరిలో మనవాళ్లు తప్పక చూడవలసిన మరో చోటుంది. జాన్ నాష్ అనే వాస్తుశిల్పి మన దేశపు గుమ్మటాలను, మినార్లను తలపించేలా తీర్చిదిద్దిన రాయల్ పెవిలియన్, మొదటి ప్రపంచయుద్ధంలో 1914 డిసెంబరు నుంచి 1916 జనవరి వరకు గాయపడిన భారతీయ సైనికులకు ఆసుపత్రిగా ఉండేది. వేర్వేరు మతాలు, కులాల ఆచారాలకు తగ్గట్టు అక్కడ 9 వంటశాలలు నడిపారు, హిందువులకూ ముస్లింలకూ నీళ్ల కుళాయిలు విడివిడిగా పెట్టారు. బ్రైటన్‌లో మరణించిన హిందూ, సిక్కు సైనికులలో 53 మందిని ఊరి వెలుపల కొండల మీద దహనం చేశారు. ఆ స్థలంలో స్మారకంగా కట్టిన తెల్లని ఛత్రిని 1921లో ఆవిష్కరించారు. ముస్లిం సైనికులను వోకింగ్‌లోని షాజహాన్ మసీదు సమీపంలో ఖననం చేశారు. ఛత్రి దగ్గరకు కారు వెళ్లదు. ఊరి శివారులోని పాచమ్ వైపు నుంచి పచ్చికబయళ్ల మీదుగా కాలిబాటన నడవాలి. సముద్రం కోసం వచ్చి సగం రోజు కొండ మీద గడపడం నష్టమని నేననుకోను.

నీళ్లలోకి దిగేవారికి ఒక హెచ్చరిక. మే నెలలో ఎండ బాగున్నా, నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి, సముద్రం అప్పటికి ఇంకా చలికాలాన్ని వదిలిపెట్టదు. 15 డిగ్రీలకన్నా చల్లని నీటిలో ఒక్కసారిగా దిగితే ఊపిరి మన అదుపు తప్పుతుంది. ఈతగాళ్లకైనా అంతే. అటువంటప్పుడు చేతులు కాళ్లు కొట్టుకోకుండా వెల్లకిలా తేలి, ఊపిరి సర్దుకునే దాకా ఆగాలి. ఎరుపు, పసుపు జెండాల మధ్య మాత్రమే లైఫ్‌గార్డుల నిఘా ఉంటుంది. ఎరుపు జెండా ఎగురుతుంటే దిగరాదు. ప్రమాదం జరిగితే 999కు ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి. ఒడ్డున ప్రమాదం సీగల్ పక్షుల నుంచి మీ చేతిలోని చిప్స్ పొట్లానికి మాత్రమే. ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో తేల్చినదేమిటంటే, కళ్లార్పకుండా దానివైపే చూస్తుంటే ఆ పక్షి దగ్గరకు రావడానికి వెనకాడుతుంది. చూపు ఫోన్ మీదికి మళ్లిందో, పొట్లం పోయినట్టే.

ఖర్చు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 16-25 రైల్‌కార్డుతో టికెట్ ధరలో మూడో వంతు తగ్గుతుంది. 25 దాటినవారైనా పూర్తికాలపు విద్యార్థులైతే అదే కార్డు తీసుకోవచ్చు. ముగ్గురి నుంచి తొమ్మిది మంది దాకా కలిసి వెళ్తే, కార్డు లేకపోయినా గ్రూప్‌సేవ్ పేరిట ఇంచుమించు అంతే తగ్గింపును చాలా రైలు సంస్థలు ఇస్తాయి. అసలు కొరత డబ్బుది కాదు, సమయానిది. చదువు సాగే రోజులలో డిగ్రీ విద్యార్థులకు వారానికి 20 గంటల పనికే వీసా అనుమతి ఉంటుంది. ఆ గంటలలో ఎక్కువ భాగం శని, ఆదివారాల షిఫ్టులకే పోతుంది. ఎంచుకునే వీలుంటే ప్రయాణానికి శనివారాన్నే ఉంచుకోండి. పట్టాల మరమ్మతులు ఎక్కువగా ఆదివారాలలో పెట్టుకుంటారు, అప్పుడు రైలుకు బదులుగా వేసే బస్సు గంట ప్రయాణాన్ని సులువుగా రెండింతలు చేస్తుంది. ముందురోజు రాత్రి నేషనల్ రైల్ వెబ్‌సైట్‌లో తిరుగు ప్రయాణాన్ని కూడా చూసుకుంటే ఆ తిప్పలు తప్పుతాయి.

అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరిగాక పగలు ఇంకా కుదించుకుపోతుంది, డిసెంబరులో లండన్ చుట్టుపక్కల సాయంత్రం 4 గంటలు కాకముందే పొద్దు గూకుతుంది. అయినా నన్నడిగితే తీరం చూడవలసినది ఆ నెలల్లోనే, ఉదయం తొలి రైళ్లలో బయలుదేరగలిగితే. అన్ని ఊళ్లూ ఒక్కరోజుకు లొంగవనీ గుర్తుంచుకోవాలి. యార్క్‌షైర్ తీరంలోని విట్బీని స్కార్‌బరోతో కలిపిన రైలుమార్గాన్ని 1965లో మూసివేశారు. ఇప్పుడది నడిచేవారికి, సైకిళ్లకు బాటగా మారింది. మిడిల్స్‌బరో నుంచి రోజుకు కొన్ని రైళ్లు మాత్రమే గంటన్నర తీసుకుని విట్బీకి చేరతాయి. శిథిలమైన మఠానికి ఎక్కే 199 మెట్లను, కింద రేవును తీరిగ్గా చూడాలనుకునేవారు శుక్రవారం సాయంత్రమే బయలుదేరి, ఒక రాత్రి బసకు ముందే ఏర్పాటు చేసుకోవాలి.