ఫెర్రీకి పనంతా రేవులోనే

[దృశ్యం: తెల్లవారుజాము. తడ దగ్గరి భీములవారిపాలెం పడవల రేవు. మనుషులు, బియ్యం మూటలు, ఒక మోటారు సైకిలు పడవలోకి ఎక్కుతున్నారు.]

నమస్కారం. పులికాట్ సరస్సు నడుమ ఉన్న ఇరకం దీవి వాసులకు తరతరాలుగా ఊరు దాటే దారి పడవే. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలో కలిసింది గానీ, అంతకు ముందు వరకు ఇది నెల్లూరు జిల్లాయే. మా నెల్లూరు వాళ్ళకు పులికాట్ ఇప్పటికీ పరాయిది కాదు. ఈ రేవులో ఒక గంట సేపు నిలబడి గమనిస్తే, పడవ నీటి మీద సాగేటప్పటి కంటే ఒడ్డున ఆగి ఉన్నప్పుడే పడవ నడిపే మనిషికి ఎక్కువ పని ఉంటుందని తెలుస్తుంది. ఎవరు ఏ వైపు కూర్చోవాలో, మూటలు ఎక్కడ పెట్టాలో, మోటారు సైకిలును అడ్డంగా నిలపాలో నిలువుగా నిలపాలో, ఇంకొకరిని ఎక్కించుకోవచ్చో లేదో, ఇవన్నీ తేలేది రేవులోనే. వందల మందినీ పదుల కొద్దీ లారీలనూ మోసే పెద్ద ఫెర్రీ ఓడకు కూడా ఇదే వర్తిస్తుంది. ఆ పని ఎలా సాగుతుందో ఈ వీడియోలో వివరిస్తాను.

[దృశ్యం: బకింగ్‌హామ్ కాలువ గట్టు, పాత లాకుల ఆనవాళ్ళు.]

మన తీరానికి ఈ విద్య కొత్తది కాదు. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వరకు తవ్విన చిన్న కాలువ క్రమంగా ఉత్తరానికి పెరుగుతూ వచ్చి, 1876–78 నాటి ఘోరమైన కరవులో కూలి పనుల కింద మరింత విస్తరించి, అప్పటి మద్రాసు గవర్నరు పేరుతో బకింగ్‌హామ్ కాలువ అయింది. నెల్లూరు, ప్రకాశం తీరాల వెంట సాగే ఈ కాలువ మీదుగా ఉప్పు, ధాన్యం, వంట చెరకు పడవలలో మద్రాసుకు చేరేవి. కాలువకూ సముద్రానికీ మధ్య ఉన్న పల్లెల వాళ్ళకు మాత్రం ఈ జలమార్గం ఒక అడ్డు కూడా అయింది. వంతెన లేని చోట మనుషులూ పశువులూ దాటడానికి పడవ గానీ బల్లకట్టు గానీ కావలసి వచ్చింది.

బల్లకట్టు చూడడానికి మోటుగా ఉంటుంది గానీ, దాని వెనుక ఉన్న ఆలోచన చాలా గట్టిది. రెండు పడవలను కొంత ఎడంగా పక్కపక్కన నిలిపి, వాటి మీద అడ్డంగా బల్లలు పరిచి బిగిస్తారు. ఒక్క పడవ మీద ట్రాక్టరును ఎక్కిస్తే చక్రం అంచు మీదకు రాగానే పడవ ఒరిగిపోతుంది. రెండు పడవల మధ్య ఎడం ఉండడం వల్ల ఆధారం వెడల్పై, బరువు ఒక పక్కకు జరిగినా ఆ పక్కనున్న పడవ మరికొంత మునిగి దాన్ని ఎదురు నెడుతుంది. కృష్ణా నది మీద ఇప్పటికీ లారీలనూ ట్రాక్టర్లనూ దాటించే బల్లకట్లు ఉన్నాయి. వాహనం తన చక్రాల మీద తానే ఎక్కి తానే దిగే ఓడలను నేడు రో-రో అంటున్నాం. ఆ మాటకు అర్థం అక్షరాలా దొర్లుతూ ఎక్కడం, దొర్లుతూ దిగడమే. ఆ లెక్కన బల్లకట్టు మన పాత రో-రో.

[దృశ్యం: గుజరాత్‌లోని ఘోఘా రేవు. ఓడ ర్యాంపు మీదుగా లారీలు లోపలికి వెళుతున్నాయి.]

ఇప్పుడు పెద్ద ఓడ దగ్గరకు వద్దాం. గుజరాత్‌లో ఖంభాత్ అఖాతానికి అటూ ఇటూ ఉన్న ఘోఘా, హజీరాల మధ్య 2020 నవంబరులో ఒక ఫెర్రీ సేవ మొదలైంది. రోడ్డు మీద 370 కిలోమీటర్లు చుట్టి వెళ్ళవలసిన దూరం సముద్రం మీద 90 కిలోమీటర్లకు తగ్గింది. ఆ మార్గానికి మొదట తెచ్చిన ఓడకు మూడు అంతస్తులు ఉన్నాయి: కింది డెక్కు మీద 30 లారీలు, దాని పైన 100 కార్లు, అన్నిటికంటే పైన 500 మంది ప్రయాణికులు. ఈ వరుస ఊరికే పెట్టింది కాదు. బరువు ఎంత కిందికి ఉంటే ఓడ అంత నిలకడగా ఉంటుంది కాబట్టి లారీలకు అట్టడుగు చోటు, మనుషులకు పై చోటు దక్కాయి.

అయితే అక్కడి సముద్రం మన సముద్రం లాంటిది కాదు. నెల్లూరు, ఒంగోలు తీరాలలో ఆటుకూ పోటుకూ మధ్య నీటి మట్టంలో తేడా సుమారు ఒక మీటరు ఉంటుంది. ఖంభాత్ అఖాతంలో అది పది మీటర్ల దాకా వెళుతుంది. ఉదయం రేవుతో సమానంగా ఉన్న ఓడ కొన్ని గంటల తర్వాత మూడంతస్తుల మేడంత కిందికి దిగిపోతే, లారీ దాని మీదకు ఎలా ఎక్కాలి? అందుకే రేవు చివర నీటి మీద తేలే వేదికను కట్టి, దానినీ నేలనూ కలుపుతూ కీలు మీద పైకీ కిందికీ కదిలే వంతెనను అమర్చుతారు. నీరు లేస్తే వేదికా లేస్తుంది, దిగితే అదీ దిగుతుంది, వంతెన వాలు మాత్రమే మారుతుంది. ఇంత చేసినా రేవులో లోతు లేకపోతే ఏ ఏర్పాటూ పనికిరాదు. అదే అఖాతంలో 2017లో ఘోఘా, దహేజ్‌ల మధ్య మొదలైన ఫెర్రీ, దహేజ్ వైపు పూడిక చేరి ఓడకు చాలినంత నీరు లేక ఆగిపోయింది. పులికాట్ ముఖద్వారాలలో ఇసుక మేటలు వేసి, సరస్సులో నీరు తగ్గి, పడవ బురదలో కూరుకుపోయినప్పుడు గడ వేసి నెట్టే మనిషి కష్టమూ ఈ పూడిక కష్టమే.

కొద్ది నిమిషాలలో దాటే మార్గాలకు మరో రకం ఫెర్రీ ఉంటుంది. దానికి రెండు చివరలా ర్యాంపులు ఉంటాయి కాబట్టి ఓడను వెనక్కి తిప్పవలసిన పని లేదు. వాహనం ఒక చివర ఎక్కి, రెండవ చివర నేరుగా ముందుకే దిగిపోతుంది. ఫోర్ట్ కొచ్చికీ వైపిన్‌కూ మధ్య తిరిగే ఫెర్రీలు ఇలాంటివే.

[దృశ్యం: ఓడ డెక్కు మీద లారీ చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, గొలుసులు బిగిస్తున్న కళాసీలు.]

ఓడ రేవుకు ఆనగానే అసలైన పని మొదలవుతుంది. సరుకును, వాహనాలను ఏ చోట నిలపాలో నిర్ణయించే బాధ్యత సాధారణంగా కెప్టెన్ తర్వాతి అధికారిది. ఎడ్లబండికి ధాన్యం బస్తాలు వేసిన వాళ్ళకు ఈ లెక్క సులువుగా తెలుస్తుంది: ముందు బరువు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ మీద పడి నలుపుతుంది, వెనుక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దులకు పట్టు చిక్కదు, కాబట్టి ఇరుసు చూసుకుని బరువు సర్దాలి. ఓడకు ముందు వెనుకల లెక్కతో పాటు కుడి ఎడమల లెక్క, పై కింది లెక్క కూడా ఉన్నాయి. బరువైన లారీలను మధ్య గీత వెంట నిలుపుతారు. ఒక వైపు ముందుగా నిండుతుంటే, అడుగున రెండు పక్కలా ఉన్న తొట్లలో ఒక దానిలోని నీటిని రెండవ దానిలోకి పంపులతో తోడి ఓడను సమంగా ఉంచుతారు.

వాహనం ఆగాక హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో ఉంచి, ఇంజను ఆపాలి. సముద్ర ప్రయాణమైతే చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, లారీలను గొలుసులతో డెక్కుకు కట్టాలి. ఆ తర్వాత డ్రైవర్లతో సహా అందరూ పై అంతస్తుకు వెళ్ళాలి. కారులోనే కూర్చుంటే ఏమవుతుందని అడిగేవారు ఉన్నారు. మూసి ఉన్న డెక్కులో పొగ నిండితే ఊపిరాడదు, నిప్పు పుడితే ఇరుకుగా నిలిపిన వాహనాల మధ్య నుంచి బయటపడడానికి దారి దొరకదు, ఓడ ఒరిగితే టన్నుల బరువైన లారీ గొలుసు తెంచుకుని మీదకు రావచ్చు. ప్రయాణికుడికి విసుగు పుట్టించే ప్రతి నియమం వెనుకా ఇలాంటి కారణం ఉంది.

[దృశ్యం: బల్ల మీద నీళ్ళు పోసిన పళ్ళెం, పక్కన నిండు కుండ.]

నిండు కుండ తొణకదని మనం అంటాం. ఈ సామెతలో ఓడల శాస్త్రానికి సంబంధించిన పెద్ద సత్యమే ఉంది. వెడల్పాటి పళ్ళెంలో కొద్దిగా నీళ్ళు పోసి నడిస్తే, చేయి ఏ కాస్త వాలినా నీరంతా ఆ వైపుకే పరుగెత్తి పళ్ళేన్ని ఇంకా వాలుస్తుంది. ఫెర్రీలో వాహనాల డెక్కు ఒక చివర నుంచి మరొక చివర దాకా అడ్డుగోడలు లేని పళ్ళెం లాంటిది. లారీలు సాఫీగా వెళ్ళాలంటే అలా ఉండక తప్పదు. మామూలు సరుకు ఓడలో ఒక గదిలోకి నీరు వస్తే గోడ దాన్ని ఆపుతుంది. ఇక్కడ ఆపేది ఏదీ లేదు.

1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ్ రేవు నుంచి బయలుదేరిన హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీకి సరిగ్గా ఇదే జరిగింది. ముందు తలుపులు మూయకుండానే ఓడ రేవు దాటింది. తలుపులు మూయవలసిన మనిషి నిద్రలో ఉన్నాడు. మూశారా లేదా అని మరొకరు సరిచూడలేదు. కెప్టెన్ నిలబడే చోటు నుంచి ఆ తలుపులు కనిపించవు, అవి తెరిచి ఉన్నాయని చెప్పే దీపం కూడా అక్కడ లేదు. దానికి తోడు ఆ రేవు వంతెన పై డెక్కుకు అందకపోవడంతో ముందరి తొట్లలోకి నీరు నింపి ఓడ ముక్కును కిందికి దించారు, ఆ నీటిని పూర్తిగా తోడకముందే కదిలారు. వేగం పెరిగేకొద్దీ డెక్కు మీదకు నీరు పొర్లింది. నిమిషాలలో ఓడ పక్కకు ఒరిగి పడింది, 193 మంది చనిపోయారు. ఆ తర్వాతనే తలుపుల స్థితిని తెలిపే దీపాలు, వాటిని చూపే కెమెరాలు అంతర్జాతీయ నియమాలలోకి వచ్చాయి. ఈ ఉదంతాన్ని చదివిన ప్రతిసారీ నా మనసులో నిలిచేది ఒక్కటే: ఆ ఓడ నడి సముద్రానికి చేరనే లేదు.

2014 ఏప్రిల్ 16న దక్షిణ కొరియాలో మునిగిన సెవోల్ ఫెర్రీది మరో పాఠం. ఓడ పక్కన గీసి ఉండే లోడ్ లైను నీటిలో మునిగిందంటే బరువు మించినట్టే. సెవోల్ మీద అనుమతించిన దాని కంటే రెండు రెట్లకు పైగా సరుకు ఎక్కించారు. అయినా గీత మునగలేదు. ఎందుకంటే, ఓడను నిలకడగా ఉంచడానికి అడుగున ఉండవలసిన బ్యాలస్ట్ నీటిని తగ్గించేశారు. మొత్తం బరువు చూపుకు సరిపోయింది గానీ, కింద ఉండవలసిన బరువు పైకి చేరింది. సరుకును సరిగా కట్టనూ లేదు. మలుపులో ఓడ ఒరగగానే అదంతా ఒక పక్కకు జారింది. 304 మంది చనిపోయారు. వారిలో ఎక్కువ మంది విహారయాత్రకు బయలుదేరిన బడి పిల్లలు.

[దృశ్యం: ఇబ్రహీంపట్నం, పవిత్ర సంగమం. సాయంత్రపు వెలుగులో కృష్ణా నది.]

ఇవి దూరదేశాల కథలని ఒంగోలులో ఎవరూ అనరు. 2017 నవంబరు 12, కార్తిక మాసపు ఆదివారం. ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణా నదిలో ప్రయాణికుల పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. వారిలో అధికులు ఒంగోలు వాసులు. పడవలో ఉండవలసిన దానికంటే ఎక్కువ మంది ఉన్నారు, ఆ పడవకు అనుమతే లేదు. అది జరిగిన ఆ రేవుకు జనవ్యవహారంలో ఉన్న పేరే ఫెర్రీ.

బరువు మించడానికి పడవ నడిపేవాడి ఆశ ఒక్కటే కారణమని నేను అనుకోను. కొన్ని జిల్లాలలో రేవుల హక్కును, బల్లకట్టు హక్కును వేలం వేసి పాటదారుకు అప్పగిస్తారు. పెద్ద మొత్తానికి పాడుకున్న మనిషి దాన్ని ఏడాదిలోగా రాబట్టుకోవాలి. వరదల రోజుల్లో రేవు మూతపడుతుంది. కాబట్టి మిగిలిన రోజుల్లో ప్రతి ట్రిప్పు నిండాలన్న ఒత్తిడి ఆ పద్ధతిలోనే దాగి ఉంది. ఎక్కడ ఆపాలో చెప్పే అధికారం, ఆపితే నష్టపోయే మనిషి చేతిలో ఉండడం నా దృష్టిలో పెద్ద లోపం.

1917 నాటి చట్టాన్ని తొలగించి 2021లో తెచ్చిన దేశీయ జలయానాల చట్టం దేశమంతటికీ ఒకే పద్ధతిని పెట్టింది. యంత్రంతో నడిచే పడవకు రిజిస్ట్రేషను ఉండాలి, గడువు ప్రకారం సర్వే జరగాలి, నడిపే సరంగుకు అర్హత పత్రం ఉండాలి, ప్రాణరక్షణ సామగ్రి ఉండాలి. రేవులో నిలబడిన మనకు ఉపయోగపడే ప్రశ్నలు రెండే: ఈ పడవకు ఎంతమంది పరిమితి, లైఫ్ జాకెట్లు అందరికీ ఉన్నాయా. సరంగును ఈ మాట అడగడం అవమానించడం కాదు, మంచి సరంగు ఆ ప్రశ్నకు సంతోషంగా జవాబిస్తాడు.

[దృశ్యం: నీరు తోడేసిన డ్రై డాక్‌లో నిలబడి ఉన్న ఓడ అడుగు భాగం.]

రోజుకు ఎన్నో మార్లు ఆగుతూ కదులుతూ ఉండడం వల్ల ఫెర్రీ ఇంజనుకు దూరప్రయాణపు ఓడ ఇంజను కంటే వేరే రకమైన అరుగుదల ఉంటుంది. ఉప్పు నీరు ఇనుమును తింటుంది. అడుగున నాచు, గుల్లలు పేరుకుని వేగాన్ని తగ్గించి ఆయిలు ఖర్చును పెంచుతాయి. అందుకే గడువుకొకసారి ఓడను డ్రై డాక్‌కు చేర్చి, అడుగు గీకి, రంగు వేసి, రేకు ఎంత పలచబడిందో కొలుస్తారు. ఇనుముకు బదులు తాను తినబడేందుకు అతికించిన జింకు దిమ్మెలు అరిగిపోయి ఉంటే కొత్తవి బిగిస్తారు. వయసు మళ్ళిన ఫెర్రీలు చేతులు మారి, చిన్న మార్గాలలో తిరిగి, చివరికి ఓడలను విరిచే తీరానికి చేరతాయి. అలాంటి తీరాలలో పేరున్న అలంగ్, ఘోఘా ఉన్న భావనగర్ జిల్లాలోనే ఉంది. ఒక రేవులో లారీ ఎక్కడాన్ని కష్టం చేసే పెద్ద పోటే, అక్కడ పాత ఓడను ఒడ్డు మీదకు తెచ్చి పడుకోబెడుతుంది.

[దృశ్యం: మళ్ళీ భీములవారిపాలెం. సాయంత్రం.]

ఈ చిత్రీకరణ కోసం వెళ్ళిన రోజు సాయంత్రం మేము చూసిన పడవ దాదాపు నిండింది. ఒక యువకుడు మోటారు సైకిలుతో వచ్చి, "అన్నా, ఇదొక్కటి ఎక్కించుకో, చీకటి పడుతోంది" అని అడిగాడు. పడవ నడిపే పెద్దాయన జవాబు చెప్పకుండా కొంచెం వంగి, పడవ అంచుకూ నీటికీ మధ్య ఎంత ఎడం ఉందో చూశాడు. బియ్యం మూటలు రెండింటిని ఎడమ వైపు నుంచి మధ్యకు జరిపించి మళ్ళీ చూశాడు. తర్వాత "నువ్వు రా నాయనా, బండి పొద్దున తెద్దాం" అన్నాడు. ఆ యువకుడు బండిని రేవు పక్క చెట్టు కింద నిలిపి తాళం వేసి వచ్చి కూర్చున్నాక, ఆయన తాడు విప్పి గడ అందుకున్నాడు.