ఉక్కు కంపెనీని పోషించిన లిఫ్టులు

నమస్కారం. ఉక్కు కంపెనీ వార్షిక నివేదిక చేతికొస్తే చాలామంది మొత్తం అమ్మకాలు, లాభం చూసి మూసేస్తారు. నేను ముందు వెతికేది సెగ్మెంట్ల పట్టిక, అంటే కంపెనీలోని ఒక్కో వ్యాపార విభాగం లెక్క. ఇంట్లో సంపాదించేదెవరో, కూర్చుని తినేదెవరో అక్కడే బయటపడుతుంది.

జర్మనీలోని థిస్సెన్‌క్రుప్‌నే చూడండి. 1811లో ఎస్సెన్‌లో మొదలైన క్రుప్, 1999లో థిస్సెన్‌తో కలిసింది. క్రుప్ గుర్తులోని మూడు రింగులను ఫిరంగి గొట్టాలనుకుంటారు. నిజానికవి రైలు చక్రాలకు తొడిగే, అతుకు లేని ఉక్కు పట్టీలు. ఫిరంగులూ చేశారు లెండి, అది వేరే కథ.

డూయిస్‌బర్గ్‌లో ఉక్కు కొలుములు, కార్ల విడిభాగాలు, జలాంతర్గాములు, లోహాల వ్యాపారం, వీటన్నిటి పక్కన లిఫ్టులు. ఉక్కు ధర కంపెనీ చేతిలో ఉండదు. గిరాకీ పడిపోయిందని బ్లాస్ట్ ఫర్నేస్‌ను, అంటే ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే పెద్ద కొలిమిని, స్విచ్చు నొక్కి ఆపలేం, చల్లారితే లోపలి లోహం గడ్డకడుతుంది. నష్టమొచ్చినా మండిస్తూనే ఉండాలి. లిఫ్టు అలా కాదు. ఒకసారి బిగిస్తే ఏళ్ల తరబడి మెయింటెనెన్స్ డబ్బు వస్తుంది. మాంద్యం వచ్చిందని పదో అంతస్తు వాళ్లు మెట్లెక్కరు కదా! అందుకే పేరు ఉక్కుదైనా, నిలకడగా లాభం తెచ్చింది లిఫ్టులే.

ఆ ధీమాతోనే కావచ్చు, బ్రెజిల్‌లో ఉక్కు దిమ్మెలు తీసి, అమెరికాలోని అలబామాలో రేకులుగా సాగదీయాలని రెండు భారీ ప్లాంట్లు పెట్టారు. ఖర్చు అంచనాలు దాటింది, ఈలోగా 2008 సంక్షోభం వచ్చిపడింది. వందల కోట్ల యూరోలు పోయాయి. అలబామా ప్లాంటును 2014లో, బ్రెజిల్‌ ప్లాంటును 2017లో అమ్మేశారు. యూరప్‌ ఉక్కును టాటా స్టీల్‌తో కలిపేద్దామంటే, పోటీ తగ్గిపోతుందని 2019లో యూరోపియన్ కమిషన్ అడ్డుకుంది.

అప్పులు ఒకవైపు, పాత ఉద్యోగుల పెన్షన్ల భారం మరోవైపు. చివరికి 2020లో 1,720 కోట్ల యూరోలకు లిఫ్టుల వ్యాపారాన్నే అమ్మారు. పాలిచ్చే ఆవును అమ్మి అప్పు తీర్చడమే ఇది. వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేను, అంత ధర పలికే విభాగం ఇంకొకటి లేదు మరి.

2025లో జలాంతర్గాముల విభాగాన్ని, సగానికి పైగా వాటా ఉంచుకుని, ఫ్రాంక్‌ఫర్ట్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో విడిగా నమోదు చేశారు. ఉక్కుకు మాత్రం జోడీ కోసం ఏళ్లుగా వెతుకుతూనే వచ్చారు.