ఫోటోలో పడనిది

శ్రోతలకు నమస్కారం.

ముందుగా మీకు ఒక ఫోటో చూపిస్తాను. రేడియోలో ఫోటో ఏమిటి అంటారా? వినండి, కనిపిస్తుంది. ఒక ఖాళీ ఉయ్యాల. రెండు గొలుసులూ ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి. పీట మసకగా ఉంది, ఫోకస్ కుదరలేదేమో అనిపించేలా. కింద నేల మీద దాని నీడ. వెనకాల ఒక గోడ. అంతే.

మేం తొమ్మిది మందిమి నెలకోసారి కలుస్తాం. ఫోటోగ్రఫీ మాలో ఎవరికీ వృత్తి కాదు, సరదా. కొందరి దగ్గర మంచి కెమెరాలున్నాయి, కొందరికి ఫోనే కెమెరా. ఆ నెలలో తీసినవాటిలోంచి ఒక్కొక్కరూ ఒక్క ఫోటో తేవాలి. ఈ ఉయ్యాల మాలో ఒకావిడ తెచ్చింది. చూడగానే అందరం మొదలుపెట్టాం. మసక రాకుండా షట్టర్ స్పీడ్ పెంచాల్సింది అన్నారొకరు. గోడ అడ్డొచ్చింది, రెండడుగులు పక్కకి జరగాల్సింది అన్నారు ఇంకొకరు. నేనూ ఊరుకోలేదు, నీడ ఇంకాస్త కలుపుకోవాల్సింది అన్నాను. ఆవిడ అన్నీ విని, "ఇందులో ఒక పిల్లాడున్నాడు" అంది.

ఎక్కడ?

"ఇప్పుడే దూకేశాడు" అంది.

సంగతి ఏమిటంటే, ఆవిడ ముప్పావు గంట నుంచి అక్కడ బెంచీ మీద కూచుని ఉంది. పిల్లాడు ఉయ్యాల మీద నిలబడి ఊగుతున్నాడు. వాడి జుట్టు గాల్లోకి లేచే క్షణం కోసం ఆవిడ చూస్తోంది. వాళ్లమ్మని ముందే అడిగి, సరేననిపించుకుంది. వాడినే అడగలేదు! కెమెరా ఎత్తగానే వాడు చూశాడు. చూసి, దూకి, ఒకటే పరుగు. ఆవిడ వేలు అప్పటికే నొక్కేసింది. మిగిలింది ఊగుతున్న ఉయ్యాల.

మళ్లీ అందరం ఆ ఫోటో కేసి చూశాం. అదే ఫోటో. అందులో ఏమీ మారలేదు. కానీ ఈసారి షట్టర్ స్పీడ్ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ మసక పీట మీద ఒక పిల్లాడి బరువు ఇంకా ఉన్నట్టే అనిపించింది.

ఆ రోజు మేం ఒక నియమం పెట్టుకున్నాం. ఫోటో చూపించినవాళ్లు, ఆ ఫోటోలో పడనిది ఒక్కటి చెప్పాలి. ఏ లెన్స్, ఏ కెమెరా అన్నది తర్వాత. ముందు, ఫోటోలో పడనిది ఒక్కటి.

నియమం పెట్టాక తమాషా మొదలైంది. ఒకాయన లకుముకి పిట్ట ఫోటో తెచ్చాడు. నీళ్లలో మునిగి, ముక్కున చేపతో పైకి లేస్తోంది. అద్భుతం. మరి ఇందులో పడనిదేమిటి అంటే, ఫోన్ తీసి మిగతావి చూపించాడు. ఆ ఒక్కటీ కాక ఇంకో 312 ఉన్నాయి. ఖాళీ కొమ్మ, నీటి తుంపర, మళ్లీ ఖాళీ కొమ్మ, తోక. తోకలే ఎక్కువ. ఆయనకి పిట్టల ఫోటోగ్రాఫరని పేరుంది గానీ, నిజానికి తోకల ఫోటోగ్రాఫర్. మేం అంతసేపు నవ్విన రోజు ఇంకోటి లేదు. ఆ ఒక్క మంచి ఫోటో మీద మాకు గౌరవం పెరిగింది కూడా ఆ తోకల వల్లే.

తర్వాత మాలో అందరికన్నా పెద్దాయన వంతు వచ్చింది. చక్కటి ఫోటో. పొగమంచు, ఒక వంతెన, దాని మీద గొడుగు పట్టుకున్న మనిషి. పడనిదేమిటండీ అన్నాం. ఆయన కళ్లజోడు సవరించుకుని చూశాడు, చూశాడు... "ఎక్కడ తీశానో గుర్తు లేదయ్యా" అన్నాడు. ఏ ఏడాదో కూడా గుర్తు లేదు. ఎవరమూ ఏమీ అనలేదు. అంత మంచి ఫోటో బల్ల మీద అనాథలా పడి ఉంది.

ఆయన్ని ఊరడించడానికి ఆ రోజు నేను ఒక కథ చెప్పాను. అదే మీకూ చెబుతాను. ఉన్న టైమంతా దీనికే ఖర్చయినా నాకు బాధ లేదు.

ఆన్సెల్ ఆడమ్స్ అని అమెరికాలో గొప్ప ఫోటోగ్రాఫర్. కొండలు, లోయలు, చెట్లు, ఆకాశం, అన్నీ నలుపు తెలుపుల్లో తీసినవాడు. ఒక రోజు న్యూ మెక్సికో రాష్ట్రంలో, చామా లోయలో ఏవో చెట్ల మోళ్లు ఫోటో తీయబోయాడు. కుదరలేదు. రోజంతా వృథా. ఉసూరుమంటూ కారెక్కి వెనక్కి బయల్దేరాడు. పక్కన ఎనిమిదేళ్ల కొడుకు, ఒక స్నేహితుడు. సాయంత్రం అవుతోంది. దారిలో హెర్నాండెజ్ అని చిన్న పల్లె. ఎడమ పక్కకి చూశాడు. పల్లె అవతల, కొండల పైన, చంద్రుడు. కింద సమాధుల మీద తెల్లటి శిలువలు. వెనక పడమటి దిక్కున కుంగిపోతున్న సూర్యుడు, ఆ చివరి ఎండ ఆ శిలువల మీద పడి అవి వెలిగిపోతున్నాయి.

కారు రోడ్డు పక్కకి దింపేశాడు. ఇప్పటిలా జేబులోంచి తీసి నొక్కే కెమెరా కాదది. పది అంగుళాలూ ఎనిమిది అంగుళాలూ ఉండే ఫిల్మ్ షీటు పెట్టాల్సిన పెద్ద పెట్టె. ట్రైపాడ్ తీయండి, లెన్స్ తీయండి, ఫిల్టర్ తీయండి అని కేకలు. అన్నీ వచ్చాయి. లైట్ మీటర్ మాత్రం దొరకలేదు.

వెలుతురు కొలిచే పరికరం అది. అది లేకపోతే ఫిల్మ్‌కి ఎంతసేపు వెలుతురు చూపించాలో తెలియదు. ఎండ చూస్తే జారిపోతోంది. మీటర్ దొరకలేదు. వెతకడానికి టైమ్ లేదు. అప్పుడాయనకు ఒక సంగతి తట్టింది. చంద్రుడి వెలుతురు ఎంతో తనకు కంఠతా వచ్చు. చదరపు అడుగుకు 250 క్యాండిళ్లు. ఆ ఒక్క అంకె పట్టుకుని నోటిలెక్క వేసి, ఒక సెకను ఎక్స్‌పోజర్ ఇచ్చాడు. ఒక్క సెకను. క్లిక్. జాగ్రత్తకి ఇంకోటి తీద్దామని ఫిల్మ్ పెట్టే చట్రాన్ని రెండో వైపుకి తిప్పాడు. తిప్పేలోపల ఎండ వెళ్లిపోయింది. శిలువలు నల్లబడ్డాయి.

ఆ ఒక్క నెగటివే మిగిలింది. 'మూన్‌రైజ్' అని ప్రపంచమంతా ఎరిగిన ఫోటో అది. ఆ నెగటివ్ నుంచి ఆయన జీవితాంతం ప్రింట్లు వేస్తూనే ఉన్నాడు, ఏళ్లు గడిచేకొద్దీ ఆకాశాన్ని ఇంకా ఇంకా నల్లగా. అది వేరే ప్రసంగం.

ఇప్పుడు అసలు సంగతి. మీటర్ దొరకలేదని గుర్తుంది. చంద్రుడి వెలుతురు 250 అని గుర్తుంది. పక్కన ఎవరున్నారో గుర్తుంది. తేదీ? గుర్తు లేదు! రాసుకోలేదు. అడిగినవాళ్లకి ఒకసారి 1940 అన్నాడు, ఇంకోసారి 1942, మరోసారి 1944. అంత పెద్ద ఫోటోగ్రాఫర్, అంత ప్రసిద్ధమైన ఫోటో, ఏడాది కూడా ఖాయంగా తెలియదు.

చివరికి ఫోటోలో ఉన్న చంద్రుడే సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. ఫలానా చోటు నుంచి చూస్తే చంద్రుడు ఏ రోజు, ఏ వేళకి, ఏ ఎత్తులో ఉంటాడో లెక్క కట్టొచ్చు కదా. డేవిడ్ ఎల్మోర్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఆ లెక్క కట్టి, 1941 అక్టోబర్ 31 సాయంత్రం నాలుగు దాటాక అని తేల్చాడు. ఆడమ్స్ ఆ లెక్కను ఒప్పుకున్నాడు. 1984లో ఆయన పోయారు. ఆ తర్వాత, 1991లో, డెనిస్ డి చికో అనే ఇంకొకాయన కెమెరా నిలబెట్టిన చోటుని మళ్లీ సరిచూసి, ఎల్మోర్ లెక్కలో తేడా ఉందన్నాడు. అసలు తేదీ 1941 నవంబర్ 1. టైమ్, సాయంత్రం 4 గంటల 49 నిమిషాల 20 సెకన్లు.

ఇరవై సెకన్లతో సహా తేలింది. తీసినాయనకి మాత్రం ఆ సంగతి ఎప్పటికీ తెలియలేదు.

మా పెద్దాయన అంతా విని, "అయితే నా వంతెన మీద చంద్రుడు కూడా లేడే!" అన్నాడు. అదీ నిజమే.

మీరు అనొచ్చు, ఇప్పుడా బాధ లేదు కదా, తేదీ, టైమ్ ఫోనే రాసుకుంటుంది అని. రాసుకుంటుంది. ఎంతసేపు ఎక్స్‌పోజర్ ఇచ్చామో కూడా రాస్తుంది. లొకేషన్ ఆన్ చేసి ఉంటే చోటూ రాస్తుంది. కానీ ఆ ఫోటోని మెసేజ్‌లో ఇంకొకరికి పంపితే, చాలాసార్లు ఆ వివరాలు దారిలోనే రాలిపోతాయి. ఇక కెమెరాల సంగతి నన్నడగండి. నా కెమెరాలో బ్యాటరీ తీసేసి కొన్ని నెలలు అటక మీద పెట్టాను. తర్వాత ఒక ప్రయాణంలో వాడాను. వచ్చి చూసుకుంటే ఫోటోలన్నీ జనవరి 1వ తేదీ అర్ధరాత్రి తీసినట్టున్నాయి. అర్ధరాత్రి నెత్తిన ఎండ మండిపోతోంది. గడియారం మొదటికి వెళ్లిపోయిందని నేను చూసుకోలేదు. అయినా, గడియారం సరిగ్గా ఉన్నా, ఉయ్యాల మీది పిల్లాడి సంగతి ఏ ఫోన్ రాస్తుంది?

జ్ఞాపకం మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. నా సంగతే చెబుతాను. ఒక పిడుగు ఫోటో తీశాను. మొదటిసారి చెప్పినప్పుడు పది నిమిషాలు వానలో నిలబడ్డానన్నాను. మూడోసారికి అరగంట అయింది. ఈ మధ్య ఎవరికో గంట అని చెబుతుంటే మా ఆవిడ పక్కనుంచి ఒక చూపు చూసింది. అబద్ధమాడాలని కాదు. చెప్పినకొద్దీ కథ పెరుగుతుంది.

పెద్ద ఫోటోగ్రాఫర్లకీ ఇది తప్పలేదు. డొరోథియా లాంజ్ 1936లో కాలిఫోర్నియాలో తీసిన ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. చెంపకి చేయి ఆనించుకుని దిగులుగా చూస్తున్న ఒక కూలి తల్లి, రెండు పక్కలా ముఖం తిప్పుకున్న పిల్లలు. కూలీల గుడారాల బోర్డు చూసి కూడా లాంజ్ కారు ఆపలేదు. ఇరవై మైళ్లు ముందుకి వెళ్లిపోయి, మనసొప్పక, వెనక్కి తిప్పుకుని వచ్చి తీసిన ఫోటో అది. ఆ తల్లి పేరు అడగలేదు. ఇరవై నాలుగేళ్ల తర్వాత ఆ కథ రాస్తూ, ఆ కుటుంబం తిండి కోసం కారు టైర్లు అమ్ముకుందని రాసింది. కుటుంబం మాత్రం, మేం టైర్లు అమ్మనే లేదు అంది. ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. నలభై రెండేళ్ల తర్వాత! పేరు కూడా అడగలేదని ఆవిడకి కష్టం కలిగింది. కలగదా మరి. ఫోటోలో పడని కథ అంటున్నామే, అది మనదే కాదు, అవతలివాళ్లది కూడా.

అందుకని నేను చెప్పే పని ఒక్కటే, చిన్నది. ఫోటో తీసిన రోజే, పడుకునే ముందు, నాలుగు లైన్లు రాయండి. నాలుగే. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, నాలుగోది ఫోటోలో పడనిది ఏమిటి. రోజూ తీసినవాటన్నిటికీ అక్కర్లేదు, దాచుకోవాలనిపించిన ఒక్కదానికి చాలు. చాలా ఫోన్ల గ్యాలరీల్లో ఫోటో కిందనే రాసుకునే వీలుంటుంది, లేదంటే ఒక నోటుబుక్కు. ప్రింటు వేయించుకున్నదైతే వెనక వైపు, అంచున, మెత్తటి పెన్సిల్‌తో, ఒత్తకుండా. పెన్ను వద్దు. ఇంకు పక్క ఫోటోకి అంటుకుంటుంది, గట్టిగా రాస్తే అక్షరాలు ముందు వైపుకి ఉబుకుతాయి. కాగితం మరీ నున్నగా ఉండి పెన్సిల్ పడకపోతే, ఫోటో పెట్టిన కవరు మీద రాయండి. ఫోటోని అందులో పెట్టకముందే రాయండి.

పాత ఫోటోల సంగతి? అడగడమే. నేనిప్పుడు ఆ పని మీదే ఉన్నాను. మా ఇంటి ఆల్బమ్ పట్టుకుని సాయంత్రాలు అమ్మ పక్కన కూచుంటున్నాను. అందులో ఒక ఫోటో ఉంది. అమ్మ కిటికీ పక్కన నిలబడి, నోటికి చేయి అడ్డం పెట్టుకుని, నవ్వు ఆపుకోలేకపోతోంది. మా ఇంట్లో అందరికీ తెలిసిన ఫోటోనే. వెనక అక్క చేతిరాతతో ఏడాది కూడా వేసి ఉంది. ఇన్నేళ్లలో అమ్మని ఎవరమూ అడగలేదు, ఎందుకు నవ్వావని.

మొన్న అడిగాను.

"మీ నాన్న మూత తీయలేదురా" అంది.

లెన్స్ మీది మూత. ఆ పాత కెమెరాల్లో కొన్నిటిలో చూసే కిటికీ వేరు, లెన్స్ వేరు. మూత పెట్టి ఉన్నా కంటికి అన్నీ కనిపిస్తూనే ఉంటాయి. నాన్న అలా అమ్మని అటు జరుగు, ఇటు తిరుగు, గడ్డం ఎత్తు అంటూ మూడు ఫోటోలు తీశారట. అమ్మకి తెలుస్తోంది, చెబుదామంటే నవ్వు ఆగడం లేదు. చివరికి పక్కనున్న అక్క "మూత, మూత" అని అరిచిందట. ఆయన తీసి, నాలుగోది నొక్కారు. అది ఇది.

అక్కకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మరి నాకు మాటలు ఆలస్యంగా వచ్చాయి కదరా. అయితే నేను వెనక వేసిన ఏడాది తప్పు" అంది.

అమ్మనడిగి, వేళ్ల మీద లెక్కపెట్టి, ఇద్దరం రెండేళ్లు ముందుకి జరిపాం. పాత అంకె కొట్టేశాను. పెన్సిల్‌తోనే, అంచునే, కొత్తది రాశాను. దాని పక్కన ఇంకొక్క మాట రాశాను, మూత అని.

నమస్కారం.