ఆఫ్రికా పల్లె బడికి మనుషులు వెళ్లాలా, డబ్బు వెళ్లాలా? – స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. ఆఫ్రికా పల్లె బడికి రంగులేస్తూ మన పిల్లలు దిగిన ఫొటోల మీద వారం రోజులుగా సోషల్ మీడియాలో ఒకటే గొడవ. ఈరోజు అందరికీ సమానంగా సమయం ఇస్తాను. అమ్మా, మీరు మలావీలో రెండు వారాలు పనిచేసి వచ్చారు. మన ఊరి బడి పెచ్చులూడుతుంటే అంత దూరం ఎందుకు?

వలంటీరు: సార్, అక్కడ 1994లో ప్రైమరీ ఫీజులు ఎత్తేశారు. 19 లక్షల మంది పిల్లలు కాస్తా దాదాపు 30 లక్షలయ్యారు. అన్ని గదులు ఎక్కడి నుంచి వస్తాయి? నేను చూసిన బడిలో రెండు తరగతులు ఇప్పటికీ మామిడి చెట్టు కిందే. వానొస్తే ఆ రోజుకు చదువు లేదు. మేం ఒక గదికి గచ్చు చేయించాం, గోడకు...

ఇంజినీరు: చేయించారా, చేశారా?

వలంటీరు: మేస్త్రీతో కలిసి...

ఇంజినీరు: అదీ సంగతి! నేను తొమ్మిదేళ్లు టాంజానియాలో పనిచేశానండి. అక్కడ మేస్త్రీని ఫుండి అంటారు. మీకు తాపీ పట్టుకోవడం వచ్చేలోపు ఫుండి గోడ లేపేస్తాడు. 2014లో ఒక అమెరికా అమ్మాయి తనే రాసింది. టాంజానియాలో లైబ్రరీకి వాళ్లు పగలు పేర్చిన ఇటుకలు వంకరగా ఉంటే, రాత్రిపూట ఊళ్లో మగవాళ్లు ఊడదీసి మళ్లీ కట్టేవారట.

హెడ్మాస్టరు (రిటైర్డ్): ఒక్క నిమిషం బాబూ...

ఇంజినీరు: పూర్తి చేయనివ్వండి మాస్టారూ. ఆ విమానం టికెట్ల డబ్బు ఫుండికి కూలిగా ఇస్తే ఆయన ఇల్లు గడుస్తుంది, గోడా నిలబడుతుంది.

యాంకర్: నేననేదీ అదే! ఆ డబ్బు మన ఊళ్లో పెడితే?

హెడ్మాస్టరు: ఇక్కడ నాడు–నేడు వచ్చింది, 2022లో మన ఊరు–మన బడి వచ్చింది. ఎంత అమలైందని ప్రభుత్వాన్ని నిలదీయొచ్చు. ఆ పిల్లలకూ ఈ పిల్లలకూ పోటీ పెట్టకండి.

ఇంజినీరు: రంగులు వదిలేయండి, మరుగుదొడ్డి గురించి మాట్లాడండి. 2014లో దక్షిణాఫ్రికా లింపోపోలో ఐదేళ్ల పిల్లాడు బడి మరుగుదొడ్డి గుంటలో పడి చనిపోయాడు. మలావీతో పోలిస్తే అది ఎంతో డబ్బున్న దేశం! బడుల్లో గుంట దొడ్లు తీసేయడానికి ప్రత్యేక పథకం మాత్రం 2018లో ప్రకటించారు.

వలంటీరు: నేనూ అదే చెప్పబోతున్నాను సార్. నెలసరి రోజుల్లో ఆడపిల్లలు బడి మానేస్తున్నారని అక్కడి టీచరే చెప్పారు. వెళ్లకపోతే నాకు తెలిసేదా? తిరిగొచ్చి చందాలు పోగుచేసి వాళ్లకు వేరే మరుగుదొడ్డికి పంపాను. నేను కళ్లారా చూశాను కాబట్టే జనం నమ్మి ఇచ్చారు.

యాంకర్: ఇది మంచి పాయింటు. దీనికి...

ఇంజినీరు: ఫోన్లో అడిగినా టీచరు చెప్పేవారు!

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, స్పష్టంగా లేదు)

హెడ్మాస్టరు: నన్నొక మాట చెప్పనివ్వండి. నేను ఇరవై ఏళ్లు రేకుల షెడ్డులో పాఠం చెప్పాను. ఎండకు పిల్లలు ఉడికిపోతారు, వాన పడితే నా గొంతు వెనక బెంచీకి చేరదు. అక్కడా రేకులే అంటున్నారు...

ఇంజినీరు: దానికి జవాబు గాండోలో ఉంది! బుర్కినా ఫాసోలో పల్లె. ఆ ఊళ్లో పుట్టిన ఫ్రాన్సిస్ కెరే బెర్లిన్‌లో చదువుకుంటూ చందాలు పోగుచేశాడు. 2001లో బడి లేచింది. ఊరివాళ్లే మట్టి ఇటుకలు చేశారు. కింద ఇటుకల కప్పు, దానికి ఎడంగా పైన రేకు. వేడిగాలి మధ్యలోంచి వెళ్లిపోతుంది. 2022లో ఆయనకు ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, భవనాల రూపశిల్పులకు (ఆర్కిటెక్టులకు) ఇచ్చే పెద్ద బహుమతి అది. ఆఫ్రికా నుంచి ఆయనే మొదటివాడు.

వలంటీరు: ఆయన తెచ్చిన చందాలు కూడా బయటివే కదా సార్?

ఇంజినీరు: డబ్బు బయటిది, చేతులు ఊరివి! ఇందాకటి నుంచి మొత్తుకుంటున్నది అదే.

యాంకర్: గాండో సరే, మన గద్వాల సంగతి? అమ్మా, మీకు ఇరవై సెకన్లు.

వలంటీరు: నేను మళ్లీ వెళ్తాను. ఆ పిల్లలు...

ఇంజినీరు: ఒకటే అడుగుతాను. మీరు డబ్బు పంపిన ఆ దొడ్డి నిండిపోతే ఎవరు తోడిస్తారు? ఖర్చు ఎవరిది?

వలంటీరు: అది... స్కూలు కమిటీ చూసుకుంటుందని...

ఇంజినీరు: అడిగారా?

యాంకర్: సమయం లేదు, బ్రేక్ తీసుకుందాం.

ఇంజినీరు: అడిగారా అమ్మా, లేదా?